మెడలో పైపు, మిషన్ మీద చలి, చర్మం మీది క్రిమి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లెటూరు. మా నాన్నగారికి 58 ఏళ్లు. రెండు నెలలుగా మెడలో వేసిన పైపుతోనే డయాలసిస్ జరుగుతోంది. పోయిన వారం మిషన్ మీద ఉండగానే విపరీతంగా చలి, వణుకు వచ్చాయి. రక్తం కల్చర్‌కి (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకి) పంపితే ‘స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్’ అని వచ్చింది. ఒక డాక్టరుగారు అది అందరి చర్మం మీదా ఉండేదే, కంగారు వద్దన్నారు. ఇంకొకరు పైపు తీసేయాలన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మీ నాన్నగారి విషయంలో ఏది సరైనదో ఆ రక్తం ఎక్కడి నుంచి, ఎన్ని సీసాల్లోకి తీశారన్న దాన్నిబట్టి తేలుతుంది.

ఈ క్రిమి మీ చర్మం మీదా, మా చర్మం మీదా పుట్టినప్పటి నుంచీ ఉంది. చీముగడ్డలు తెచ్చే స్టెఫైలోకాకస్ ఆరియస్ దీనికి దాయాదే కానీ, దానికున్నంత దూకుడు దీనికి లేదు. దీని బలమంతా ప్లాస్టిక్ దొరికినప్పుడే. పైపు గోడకి అంటుకుని, చెరువు మెట్లకి నాచు పట్టినట్టు జిగురు పొర కట్టుకుంటుంది. ఆ పొర అడుగున ఉన్న క్రిములు దాదాపు నిద్రలో ఉంటాయి, మందు వాటిని సరిగా చంపలేదు. మందు వేసినన్నాళ్లూ జ్వరం తగ్గి, ఆపగానే తిరగబెట్టడానికి కారణం ఇదే.

అందుకని ముందు ఆసుపత్రిలో ఇవి అడగండి. రక్తం రెండు చోట్ల నుంచి తీశారా? రెండిట్లోనూ ఇదే క్రిమి పెరిగిందా? ఎన్ని గంటలకి పెరిగింది? ఒక్క సీసాలోనే, అదీ 24 గంటలు దాటాక పెరిగితే సూది గుచ్చినప్పుడు చర్మం మీది క్రిమి కలిసి ఉండొచ్చు. పైపు నుంచి తీసినదాంట్లోనూ నరం నుంచి తీసినదాంట్లోనూ పెరిగితే అది నిజమైన ఇన్ఫెక్షనే. పైపు సీసాలో నరం సీసాకన్నా రెండు గంటలో అంతకన్నా ఎక్కువో ముందు పెరిగిందంటే క్రిమి కాపురం పైపులోనే. తీసిందే ఒక్క సీసా అయితే ఆ రిపోర్టుతో ఏదీ తేల్చలేం. మెడలో పైపు, మిషన్ మీద వణుకు రెండూ ఉన్న మనిషిలో ‘ఏమీ లేదులే’ అనడానికి మాత్రం వీల్లేదు. మళ్లీ కల్చర్ చేయించండి.

రక్తం తీసే పద్ధతి కూడా ముఖ్యమే. 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ కలిపిన స్పిరిట్‌తో 30 సెకన్లు రుద్ది, ఆరనివ్వాలి. తుడిచాక నరం కోసం మళ్లీ వేలితో తడమకూడదు. సీసా రబ్బరు మూతనీ స్పిరిట్‌తో తుడవాలి. ఒక్కో సీసాకి 8 నుంచి 10 మి.లీ. రక్తం కావాలి. మోచేతి నరాలు రేపు ఫిస్టులాకి (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసే దారికి) పనికొస్తాయి కాబట్టి అక్కడ గుచ్చనివ్వకండి, అరచేతి వెనక నుంచి తీయించండి.

చలిజ్వరం రాగానే ఊళ్లో ఆర్‌ఎంపీ చేత సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షన్ వేయించడం చాలాచోట్ల అలవాటు. దయచేసి అది మానండి. ఆసుపత్రుల్లో దొరికే ఎపిడెర్మిడిస్‌లో ఎక్కువ భాగం దానికి లొంగదు. పైగా ఆ ఇంజెక్షన్ పడ్డాక తీసిన కల్చర్‌లో అసలు క్రిమి కనబడకపోవచ్చు. సాధారణంగా వాడేది వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్, డయాలసిస్ చివర్లో ఎక్కిస్తారు. తాత్కాలిక పైపు అయితే తీసేసి వేరే చోట కొత్తది వేయడం మంచిది. చర్మం కింద నుంచి తెచ్చిన పర్మినెంట్ పైపు అయితే, రెండు మూడు రోజుల్లో జ్వరం తగ్గి బీపీ నిలకడగా ఉంటే, పాత పైపులోంచి పంపిన సన్నని వైరు మీదుగా కొత్త పైపు మార్చే వీలుంటుంది. బీపీ పడిపోయినా, పైపు దారిలో చీము పట్టినా పైపు తీయడానికి ఆగకూడదు. అది కిడ్నీ డాక్టరుగారు చూసి తేల్చాలి.

ఇంటి దగ్గర: కట్టు తడవకూడదు. తలస్నానం పైపు తీసేదాకా వద్దు, తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు. మీ ఉద్దానం ప్రాంతపు ఉక్కకి చెమట పట్టి కట్టు అంచులు లేస్తాయి. లేస్తే పైన ప్లాస్టర్ అతికించి ఊరుకోవద్దు, సెంటర్‌కి వెళ్లి కొత్త కట్టు వేయించండి. పసుపు, కొబ్బరినూనె రాయొద్దు. పైపు మూతలు డయాలసిస్ సిబ్బంది తప్ప ఎవరూ విప్పకూడదు, ఆ పైపుకి సెలైన్ పెట్టించకూడదు. విప్పేటప్పుడు సిస్టరుకే కాదు, మీ నాన్నగారికీ మాస్కు ఉండాలి.

ఇంకో మాట. ఫిస్టులా వేశాక వాడకానికి తయారవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. రెండు నెలలైనా వేయించలేదంటే ఈ వారమే అడగండి. ప్లాస్టిక్ లేకపోతే ఈ క్రిమికి పట్టు దొరకదు.

ప్రశ్న: వచ్చే నెల మా అమ్మకి మోకీలు మార్పిడి. ఈ క్రిములు పోవడానికి రోజూ డెటాల్‌తో గట్టిగా రుద్దమంటారా? (బొబ్బిలి పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా. వెంట్రుకల కుదుళ్లలో ఉండే క్రిమి ఎంత రుద్దినా పూర్తిగా పోదు. చర్మం గీసుకుపోతే ఇంకా నష్టం. ముందురోజు రాత్రి, ఆ రోజు ఉదయం సబ్బుతో స్నానం చేయిస్తే సరిపోతుంది. ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు తీయొద్దు, అవసరమైతే ఆసుపత్రిలోనే క్లిప్పరుతో తీస్తారు. తర్వాత కుట్ల నుంచి వారం దాటినా తడి కారుతుంటే ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించండి. కొన్ని నెలలకి జ్వరమేమీ లేకుండా నొప్పి మాత్రమే మొదలైనా అంతే. మోకాలి నీరు తీసి పరీక్షించేదాకా యాంటీబయాటిక్ మాత్ర వేయొద్దు. ఆ కల్చర్‌ని ల్యాబ్‌లో 14 రోజులు ఉంచమని అడగండి, నెమ్మదిగా పెరిగే క్రిములు అప్పుడే బయటపడతాయి.

ప్రశ్న: కాలి పుండు పైనుంచి దూదితో తీసిన పరీక్షలో ఇదే పేరు వచ్చింది. మందు వాడాలా? (విజయనగరం పాఠకుడు)

జవాబు: పైపైన తుడిచి తీస్తే చర్మం మీది క్రిమే వస్తుంది. పుండు చుట్టూ ఎరుపు, వేడి, చీము, జ్వరం లేకపోతే దీని కోసం యాంటీబయాటిక్ అక్కర్లేదు. షుగర్ ఉండి పుండు లోతుగా ఉంటే మాత్రం, శుభ్రం చేశాక లోపలి కండ ముక్క తీసి పంపమని సర్జన్‌గారిని అడగండి.