టెక్ సందేహాలు: పాత బ్రేకర్‌కి కొత్త ట్రిప్ యూనిట్ పెట్టే ముందు

ఈసారి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పక్కన పెట్టి ప్యానెల్ రూమ్‌లోకి వెళ్దాం. పాత ఏసీబీలకు, అంటే ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్లకు, ఎలక్ట్రానిక్ ట్రిప్ యూనిట్లు (కరెంట్ హద్దు దాటితే బ్రేకర్‌ని తెరిపించే భాగాలు) అమర్చడం, అంటే రెట్రోఫిట్, గురించి చాలామంది అడిగారు. ఇది పొరపాటు జరిగితే ప్యానెల్ ముందు నిలబడ్డ మనిషి ప్రాణం మీదికి వచ్చే పని, కాబట్టి కొన్నిచోట్ల కాస్త పొడుగ్గానే రాశాను.

ప్రశ్న: మా ప్లాంట్‌లో 1970ల నాటి 1600 ఆంపియర్ల డ్రా-అవుట్ (ప్యానెల్ నుంచి బయటికి లాగగలిగే) బ్రేకర్లు ఉన్నాయి. లోపల ఆయిల్ డ్యాష్‌పాట్‌తో (కదలికను నెమ్మదింపజేసే ఆయిల్ సిలిండర్‌తో) పనిచేసే మెకానికల్ ట్రిప్ పరికరాలు. రెండు మూడింటిలో ఆయిల్ కారుతోంది. రెట్రోఫిట్ కిట్ వేయిస్తే చాలా, కొత్త బ్రేకర్లే కొనాలా?

కిట్ వేయించొచ్చు. అయితే ఆ బ్రేకర్ ఇప్పుడు కిట్ వేయదగ్గ స్థితిలో ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోండి.

మీ పాత పరికరంలో లోడ్ కరెంట్ మొత్తం ఒక మందపాటి కాయిల్ గుండా పోతుంది. కరెంట్ హద్దు దాటితే ఆ కాయిల్ ఒక ఆర్మేచర్‌ని (కదిలే ఇనుప ముక్కని) లాగుతుంది, ఎంత ఆలస్యంగా లాగాలన్నది డ్యాష్‌పాట్‌లోని ఆయిల్ చూసుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ సీళ్లు గట్టిపడి ఆయిల్ కారిపోతే ఆలస్యం తగ్గిపోయి బ్రేకర్ ఊరికే ట్రిప్ అవుతుంది. ఆయిల్ చిక్కబడినా, దుమ్ము చేరినా దీనికి తలకిందులు: ట్రిప్ కావాల్సిన సమయం దాటిపోయినా కదలదు. మొదటి రకం లోపం ప్రొడక్షన్ వాళ్ల కేకలతో వెంటనే తెలిసిపోతుంది, రెండోది మాత్రం నిజంగా ఫాల్ట్ వచ్చేదాకా బయటపడదు. నా టెన్షన్ అంతా ఈ రెండోదాని గురించే.

కిట్‌తో మూడు వస్తువులు వస్తాయి: ఒక్కో ఫేజ్‌కి ఒక సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద కరెంట్‌ని కొలవడానికి వీలుగా తగ్గించేది), కరెంట్‌ని కొలిచి నిర్ణయం తీసుకునే యూనిట్, ఆ నిర్ణయాన్ని అమలుచేసే యాక్చుయేటర్. ఈ యాక్చుయేటర్ లోపల ఒక స్ప్రింగ్‌ని శాశ్వత అయస్కాంతం పట్టి ఉంచుతుంది. యూనిట్ నుంచి చిన్న పల్స్ రాగానే అయస్కాంతం పట్టు వదులుతుంది, ప్లంజర్ ఎగిరి ట్రిప్ బార్‌ని కొడుతుంది. ఇక్కడివరకే కొత్త సామాను. అక్కడినుంచి లాచ్, లింకులు, ఓపెనింగ్ స్ప్రింగ్, కాంటాక్టులు, ఆర్క్ చూట్లు (కాంటాక్టులు తెరుచుకునేటప్పుడు పుట్టే ఆర్క్‌ని ఆర్పే గదులు) అన్నీ పాతవే. మెదడు కొత్తదే గానీ కాళ్లూ చేతులూ 50 ఏళ్ల నాటివి.

అందుకే వర్క్ ఆర్డర్‌లో కిట్ అమర్చడం ఒక్కటే కాకుండా బ్రేకర్ ఓవర్‌హాల్ కూడా కలిపి రాయించండి. అసలు బ్రేకర్‌ని తాకకముందే, ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి ప్రైమరీ ఇంజెక్షన్ (బ్రేకర్ గుండానే పెద్ద కరెంట్ పంపే పరీక్ష) చేసి ట్రిప్ సమయం నోట్ చేసుకోమనండి. చాలాకాలం కదలని బ్రేకర్‌ని ఒకసారి చేత్తో ఆపరేట్ చేస్తే గ్రీజు పట్టు వదిలి రెండోసారి చక్కగా పనిచేస్తుంది, అప్పుడు టెస్ట్ చేస్తే అసలు జబ్బు దాక్కుంటుంది. ఆ తర్వాత మెకానిజం విప్పి, గట్టిపడిన పాత గ్రీజు పూర్తిగా తుడిచి, తయారీదారు చెప్పిన గ్రీజే వేయాలి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పని అయిందనిపించేవాళ్లని దగ్గరికి రానివ్వకండి, కొన్నాళ్లు తేలిగ్గా కదిలినట్టే ఉంటుంది, ఈలోపు ఉన్న గ్రీజు కూడా కడుక్కుపోయి మళ్లీ బిగుసుకుంటుంది. కాంటాక్ట్ రెసిస్టెన్స్ మూడు పోల్స్‌కీ (ఒక్కో ఫేజ్ దారికీ) కొలిచి పోల్చండి. అన్నిటికంటే తక్కువ ఉన్న పోల్‌తో పోలిస్తే మరో పోల్ 50 శాతానికి మించి ఎక్కువ చూపిస్తే కారణం వెతకాల్సిందే. పాత సిరీస్ కాయిల్ తీసేసి దాని స్థానంలో రాగి లింక్ పెట్టే మోడళ్లలో ఈ కొలత మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ కొత్త జాయింట్లు పుడుతున్నాయి, వాటిని సరైన టార్క్‌తో బిగించకపోతే అవే వేడెక్కుతాయి.

పాత ఆర్క్ చూట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. గరుకు కాగితంతో రుద్దడం, కంప్రెస్డ్ ఎయిర్‌తో ఊదడం వద్దు. పని మొదలుపెట్టే ముందు బ్రేకర్ పూర్తిగా బయటికి రాక్ అవుట్ అయి ఉండాలి, స్ప్రింగులు డిస్చార్జ్ అయి ఉండాలి. చార్జ్ అయిన స్ప్రింగ్ వేళ్లని నలిపేయడానికి కరెంటు ఉండనక్కర్లేదు.

మరి కొత్త బ్రేకర్ ఎప్పుడు కొనాలంటారా? ట్రాన్స్‌ఫార్మర్ మార్చడం వల్లో, సప్లై బలపడటం వల్లో ఫాల్ట్ లెవెల్ (షార్ట్ అయితే రాగల కరెంట్) పెరిగి బ్రేకర్ ఇంటరప్టింగ్ రేటింగ్‌ని (అది తెంచగల గరిష్ఠ కరెంట్‌ని) దాటిపోతే రెట్రోఫిట్ ఆలోచనే మానేయండి, ఏ ట్రిప్ యూనిట్టూ ఆ రేటింగ్‌ని పెంచలేదు. ఇన్సులేషన్ పగిలినా, కాంటాక్టులు అరిగిపోయి విడిభాగాలు దొరక్కపోయినా అంతే. ఇవేవీ లేకపోతే రెట్రోఫిట్ మంచి నిర్ణయం, కాకపోతే ఆ కిట్ సరిగ్గా మీ మోడల్ బ్రేకర్ మీద డిజైన్ టెస్ట్ అయినదేనా అని అడిగి కాగితం తీసుకోండి. పాత స్విచ్‌గేర్‌ని మార్పు చేయడానికి అమెరికా పద్ధతిలో ఐఈఈఈ సీ37.59 అనే ప్రమాణం ఉంది, కిట్ దాని ప్రకారం ఉందా అని అడిగితే అవతలివాళ్ల సమాధానంలోనే వాళ్ల అనుభవం ఎంతో తెలిసిపోతుంది.

ప్రశ్న: కిట్ వేసిన టీమ్ చిన్న టెస్ట్ బాక్స్ తగిలించి అన్ని సెట్టింగులూ చూపించారు, అన్నీ పాస్. ప్రైమరీ ఇంజెక్షన్ అవసరం లేదంటున్నారు. నమ్మొచ్చా?

నమ్మొద్దండీ. వాళ్లు చేసింది సెకండరీ ఇంజెక్షన్, అంటే సీటీని వదిలేసి యూనిట్‌కే నేరుగా చిన్న సిగ్నల్ ఇవ్వడం. అది యూనిట్ లోపలి ఎలక్ట్రానిక్స్ లెక్క సరిగ్గా ఉందని చెబుతుంది. సీటీ సరైన రేషియోదేనా, దాని వైర్లు సరిగ్గా కలిశాయా, రేటింగ్ ప్లగ్ (యూనిట్ రేటింగ్‌ని నిర్ణయించే చిన్న ప్లగ్) ఆ సీటీకి సరిపడేదేనా అన్నది దానికి తెలియదు. 1600 సీటీ ఉండాల్సినచోట 800ది పెట్టినా టెస్ట్ బాక్స్ పాస్ అనే చూపిస్తుంది.

యాక్చుయేటర్ వైర్ల సంగతి ఇంకా భయంకరం. ప్లస్, మైనస్ తారుమారైతే పల్స్ అయస్కాంతం పట్టుని తగ్గించే బదులు పెంచుతుంది. యూనిట్ ట్రిప్ ఇచ్చానని లైట్ వెలిగిస్తుంది, బ్రేకర్ మాత్రం క్లోజ్‌లోనే ఉంటుంది. టెస్ట్ బాక్స్ యాక్చుయేటర్‌ని నిజంగా కొట్టించకుండా సమయం మాత్రమే కొలిచే మోడ్‌లో ఉంటే ఈ తప్పు దొరకదు. ప్లంజర్‌కీ ట్రిప్ బార్‌కీ మధ్య గ్యాప్ సరిగ్గా సెట్ కాకపోయినా, పాత లాచ్ ప్లంజర్ బలానికి లొంగనంత బిగుతుగా ఉన్నా ఫలితం అదే.

ప్రైమరీ ఇంజెక్షన్‌లో కొద్ది వోల్టుల దగ్గర వేల ఆంపియర్లు బ్రేకర్ పోల్ గుండానే పంపుతారు, సీటీ నుంచి కాంటాక్ట్ తెరుచుకునేదాకా మొత్తం గొలుసు ఒకేసారి పరీక్షకు వస్తుంది. లెక్క మీరే సరిచూసుకోవచ్చు. 1600 సీటీ, లాంగ్ టైమ్ (ఓవర్‌లోడ్ రక్షణ) సెట్టింగ్ 0.8 అంటే పికప్ (యూనిట్ సమయం లెక్కించడం మొదలుపెట్టే కరెంట్) 1280 ఆంపియర్లు. ఆలస్యం పికప్‌కి 6 రెట్ల దగ్గర 10 సెకన్లు అని సెట్ చేసి ఉంటే, కరెంట్ సగానికి తగ్గినప్పుడు సమయం నాలుగింతలు అవుతుంది కాబట్టి 3 రెట్ల దగ్గర, అంటే 3840 ఆంపియర్ల దగ్గర, సుమారు 40 సెకన్లకు ట్రిప్ కావాలి. తయారీదారు ఇచ్చిన కర్వ్ బ్యాండ్‌లో అది పడుతుందో లేదో చూడండి. మూడు పోల్స్‌కీ విడివిడిగా చేయించండి, ఒక పోల్ బాగుంటే మిగతావీ బాగుంటాయన్న హామీ లేదు. ఒకదాని తర్వాత ఒకటి చేసేటప్పుడు యూనిట్‌లోని థర్మల్ మెమరీని (ముందు పోయిన కరెంట్ వేడిని గుర్తుంచుకునే లెక్కని) రీసెట్ చేయమనండి, లేకపోతే రెండో టెస్ట్ తొందరగా ట్రిప్ అయి అనవసరంగా కంగారు పడతారు. ఎర్త్ ఫాల్ట్ (కరెంట్ భూమిలోకి పోయే లోపం) ఫంక్షన్‌ని కూడా టెస్ట్ కోసం ఆపాలి, ఒక్క పోల్‌లోనే కరెంట్ పంపితే అది ముందే ట్రిప్ చేసేస్తుంది. టెస్ట్ అయ్యాక దాన్ని మళ్లీ ఆన్ చేశారో లేదో మీ కళ్లతో చూడండి.

ప్రశ్న: రెట్రోఫిట్ తర్వాత మెయిన్ బ్రేకర్ ఎర్త్ ఫాల్ట్ మీద ట్రిప్ అవుతోంది. కేబుళ్లు మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్ట్) చేశాం, ఏ లోపమూ లేదు. మాది 3 ఫేజ్ 4 వైర్ సిస్టమ్. యూనిట్ చెడిపోయిందా?

యూనిట్‌ని అనుమానించే ముందు న్యూట్రల్ సీటీ చూడండి. ఎర్త్ ఫాల్ట్ ఫంక్షన్ మూడు ఫేజుల కరెంట్లనీ న్యూట్రల్ కరెంట్‌నీ కలిపి చూస్తుంది, అంతా బాగుంటే మొత్తం సున్నా. న్యూట్రల్ సీటీ బ్రేకర్ బయట, బస్ బార్ మీద విడిగా ఉంటుంది, అందుకే దాన్ని మర్చిపోవడం, తిప్పి పెట్టడం తరచూ జరిగే తప్పు. ఉదాహరణకు న్యూట్రల్‌లో 150 ఆంపియర్లు పోతున్నాయనుకోండి. న్యూట్రల్ సీటీ లేకపోతే ఆ 150 కాస్తా ఎర్త్ ఫాల్ట్‌గా కనబడుతుంది. పొలారిటీ తారుమారైతే 300గా కనబడుతుంది. రేషియో ఫేజ్ సీటీలతో కలవకపోతే ఇంకేదో ఒక అంకె. సింగిల్ ఫేజ్ లోడ్లు పెరిగిన పూటే ట్రిప్ అవుతోందంటే కారణం ఇదేనని దాదాపు చెప్పేయొచ్చు.

నిర్ధారణకు, ఒక ఫేజ్ గుండా పంపిన కరెంట్ న్యూట్రల్ సీటీ గుండా వెనక్కి వచ్చేలా ప్రైమరీ ఇంజెక్షన్ చేయండి: ట్రిప్ కాకూడదు. అదే కరెంట్ ఫేజ్ ఒక్కదాంట్లోనే పంపితే ట్రిప్ కావాలి. రెండూ చేయాలి. ట్రిప్ అవుతోందని విసుగొచ్చి ఎర్త్ ఫాల్ట్ సెట్టింగ్ పూర్తిగా పైకి తిప్పేసిన చోట్లున్నాయి, దయచేసి ఆ పని చేయకండి, నిజమైన ఆర్కింగ్ ఫాల్ట్ వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడేది అదే.

వైరింగ్ విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. బ్రేకర్ లోడ్‌లో ఉండగా సీటీ సెకండరీ ఓపెన్ చేస్తే అక్కడ ప్రమాదకరమైన వోల్టేజ్ పుడుతుంది, బ్రేకర్ ఓపెన్ చేసినా బయట ఉన్న న్యూట్రల్ సీటీలో వేరే దారిన కరెంట్ పోతూ ఉండొచ్చు. షార్ట్ చేయకుండా విప్పకండి.

అలాగే పైన, కింద బ్రేకర్ల మధ్య జోన్ ఇంటర్‌లాక్ (కింది బ్రేకర్ ఫాల్ట్‌ని చూస్తే పైదాన్ని ఆగమని చెప్పే) సౌకర్యం ఉన్న యూనిట్ అయితే, ఆ వైరింగ్ వాడనప్పుడు తయారీదారు చెప్పిన జంపర్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే మీరు పెట్టిన ఆలస్యాన్ని పట్టించుకోకుండా వెంటనే ట్రిప్ అయ్యే యూనిట్లున్నాయి.

ప్రశ్న: పెద్ద మోటార్ స్టార్ట్ అయినప్పుడు ఇన్‌స్టంటేనియస్ (ఆలస్యం లేని ట్రిప్) మీద ట్రిప్ అవుతోంది. ఆ ఫంక్షన్ ఆఫ్ చేసి షార్ట్ టైమ్ (కొద్ది ఆలస్యంతో ట్రిప్) మీద వదిలేయొచ్చా?

ముందు సెట్టింగ్ ఎంత ఉందో చూడండి, చాలా యూనిట్లు ఫ్యాక్టరీ నుంచి కనిష్ఠ సెట్టింగులతోనే వస్తాయి, ఎవరూ మార్చకుండా కరెంటు ఇచ్చి ఉంటే ఇలాగే జరుగుతుంది.

ఆఫ్ చేయడం అన్నది వేరే సంగతి. ఇన్‌స్టంటేనియస్ లేకపోతే ఫాల్ట్ కరెంట్‌ని బ్రేకర్ షార్ట్ టైమ్ ఆలస్యం పూర్తయ్యేదాకా మూసుకునే భరించాలి. అది భరించగలదా అన్నది నామ్‌ప్లేట్‌లోని షార్ట్ టైమ్ రేటింగ్ చెబుతుంది, అమెరికా పద్ధతిలో అది అర సెకనుకు, ఐఈసీ (అంతర్జాతీయ ప్రమాణాల) పద్ధతి బ్రేకర్లలో ఎక్కువగా 1 సెకనుకు ఇస్తారు. కొన్ని పాత బ్రేకర్లకు ఇన్‌స్టంటేనియస్ ఉన్నప్పటి ఇంటరప్టింగ్ రేటింగ్ ఎక్కువ, లేనప్పటిది తక్కువ. మీ బస్ దగ్గరి ఫాల్ట్ లెవెల్ ఆ తక్కువ అంకె కంటే ఎక్కువైతే ఆఫ్ చేయడానికి వీల్లేదు, అంతే.

ఇంకో సంగతి. ఆర్క్ ఫ్లాష్‌లో (ఫాల్ట్ వల్ల గాలిలో ఆర్క్ పేలినప్పుడు) మనిషి మీద పడే శక్తి, ఆర్క్ ఎంతసేపు ఉంటే అంత పెరుగుతుంది. 0.05 సెకన్లలో తెగేదాన్ని 0.4 సెకన్లకు తీసుకెళ్తే అదే కరెంట్‌కి శక్తి 8 రెట్లు. ప్యానెల్ మీద అతికించిన పాత లేబుల్, దాన్ని చూసి వేసుకునే రక్షణ దుస్తులు ఇక పనికిరావు. కాబట్టి ఏ సెట్టింగ్ మార్చినా కోఆర్డినేషన్ స్టడీ (ఏ బ్రేకర్ ముందు ట్రిప్ కావాలో చూసే లెక్క), ఆర్క్ ఫ్లాష్ స్టడీ రెండూ మళ్లీ చేయించండి. ఆర్కింగ్ కరెంట్ లో వోల్టేజ్‌లో బోల్టెడ్ ఫాల్ట్ (ఆర్క్ లేకుండా లోహం నేరుగా తగిలిన షార్ట్) కరెంట్ కంటే బాగా తక్కువ ఉంటుంది కాబట్టి పికప్ ఆ ఆర్కింగ్ కరెంట్ కంటే కిందే ఉందని చూసుకోవాలి. కొనబోయే కిట్‌లో మెయింటెనెన్స్ మోడ్ స్విచ్ ఉంటే తప్పకుండా తీసుకోండి, ఎవరైనా ప్యానెల్ దగ్గర పనిచేస్తున్నంతసేపు ఆలస్యాలన్నీ పక్కనపెట్టి వెంటనే ట్రిప్ చేసే ఏర్పాటు అది.

ప్రశ్న: రాత్రి షిఫ్ట్‌లో లోడ్ తగ్గితే కొత్త యూనిట్ డిస్‌ప్లే ఆరిపోతోంది. రక్షణ కూడా పోయినట్టేనా?

కాదు. ఈ యూనిట్లు చాలావరకు సీటీ నుంచే పవర్ తీసుకుంటాయి, లోడ్ బాగా తక్కువైతే డిస్‌ప్లేకి సరిపోదు. ఓవర్‌లోడ్ గానీ షార్ట్ గానీ వస్తే ఆ కరెంటే యూనిట్‌ని లేపుతుంది. తక్కువ పికప్‌తో ఎర్త్ ఫాల్ట్ పెట్టుకున్నా, రికార్డులు ఎప్పుడూ కనబడాలన్నా బయటినుంచి కంట్రోల్ సప్లై ఇవ్వండి.

ప్రశ్న: మా దగ్గర డీసీ డ్రైవ్‌లకు పాత బ్రేకర్లున్నాయి, ఏసీ బ్రేకర్ల కిట్లు మిగిలాయి. వాటికి వేయొచ్చా?

వేయకండి. సీటీ మారే కరెంట్‌నే చూస్తుంది, నిలకడగా ఉన్న డీసీ దానికి కనబడదు. యూనిట్‌కి పవర్ కూడా అక్కడినుంచే రావాలి కాబట్టి అది లేవనే లేవదు, ఎంత ఓవర్‌లోడ్ ఉన్నా బ్రేకర్ అలాగే కూర్చుంటుంది. డీసీకి షంట్ (కరెంట్ కొలవడానికి పెట్టే చిన్న రెసిస్టెన్స్) గానీ హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రాన్ని బట్టి కరెంట్ కొలిచేది) గానీ వాడి, విడిగా కంట్రోల్ పవర్ తీసుకునే ట్రిప్ సిస్టమ్‌లు వేరే ఉంటాయి. మీ బ్రేకర్ మోడల్, డీసీ వోల్టేజ్ చెప్పి వాటినే అడగండి.