విండోస్ ఎక్స్‌పీ: హోమ్, ప్రొఫెషనల్ తేడా ఏమిటి?

హోమ్, ప్రొఫెషనల్ అనేవి మైక్రోసాఫ్ట్ వారి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌పీలో రెండు రకాలు. లోపలి ఇంజిన్ రెండింటిలోనూ ఒకటే. 2001 అక్టోబర్ 25న ఎక్స్‌పీ వచ్చేదాకా ఇళ్లలో డాస్ అనే పాత సిస్టమ్ పునాది మీద నడిచే విండోస్ 98, మిలీనియం ఉండేవి. ఆఫీసుల్లో గట్టి పునాది ఉన్న విండోస్ ఎన్‌టీ, 2000 ఉండేవి. ఆ గట్టి పునాదిని ఇళ్లకు తెచ్చింది ఎక్స్‌పీనే, నా దృష్టిలో దాని అసలు గొప్పతనం అది.

ప్రొఫెషనల్‌లో అదనంగా ఆఫీసు డొమైన్‌లో (ఒకచోటి నుంచి అదుపు చేసే కంప్యూటర్ల నెట్‌వర్క్‌లో) చేరే వీలు, ఇతరులు చదవలేకుండా ఫైళ్లను మార్చే ఎన్‌క్రిప్షన్, దూరం నుంచి ఆ కంప్యూటర్‌ను నడిపే రిమోట్ డెస్క్‌టాప్ ఉండేవి. తర్వాత చవకగా తెచ్చిన స్టార్టర్ అనే మరో రకంలో ఒకేసారి మూడు ప్రోగ్రాములే తెరుచుకునేవి.

మనకు దగ్గరి విషయం, గౌతమి అనే తెలుగు ఫాంట్ ఎక్స్‌పీతోనే వచ్చింది. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, కాంప్లెక్స్ స్క్రిప్ట్ (తెలుగు లాంటి లిపులు) పక్కన టిక్ పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేస్తే అక్షరాల చోట కనిపించే డబ్బాలు పోయి తెలుగు అక్షరాలు కనిపించేవి!

2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, ఆగిపోయింది. ఇప్పుడు దాన్ని నెట్‌కు కలపకండి.