సముద్రపు గాలిలో కాగితం నక్షత్రం వాలిపోకుండా ఉండాలంటే

మీరు అడిగింది ఇది: మన విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో మూడో అంతస్తు, ఎనిమిదేళ్ళ పాపతో కలిసి చార్ట్ పేపర్‌తో క్రిస్మస్ నక్షత్రాలు చేసి బాల్కనీలో కట్టారు, రెండు రోజులకే కొమ్ములు వాలిపోయి చదునైపోయాయి. ఇంకా మందం కాగితం కొనాలా అని.

వద్దండి. మందం పెరిగితే బరువు పెరుగుతుంది, మడత దగ్గర పగులుతుంది. తప్పు మందంలో లేదు.

నేను పెరిగింది జ్ఞానాపురంలో, సెయింట్ పీటర్స్ కేథడ్రల్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో. డిసెంబరు వస్తే ఇంటింటికీ నక్షత్రం వేలాడేది. మా నాన్నగారు వెదురు బద్దలు చీల్చి, పురికొసతో కట్టి, గాలిపటాల కాగితం అతికించేవారు. దాన్ని నిలబెట్టేది వెదురు. మీ నక్షత్రంలో వెదురు లేదు కదా, ఆ పని మడతే చెయ్యాలి. పెళ్ళయ్యాక నా అంతట నేను చేసుకోవడం మొదలుపెట్టినప్పుడు, ఇది తెలియడానికి నాకు మూడు నాలుగు క్రిస్మస్‌లు పట్టింది. అప్పటిదాకా నేనూ మీలాగే మందం పెంచుకుంటూ పోయాను, పైగా జిగురు కూడా.

కాగితమంటే పీచు. మిల్లులో తయారయ్యేటప్పుడే ఆ పీచు ఎక్కువగా ఒకే దిక్కుకి పడుకుంటుంది. ప్రెస్సు వాళ్ళు దీన్నే గ్రెయిన్ అంటారు. తేమ తగిలితే పీచు పొడవు పెద్దగా పెరగదు, లావెక్కుతుంది. అందుకే కాగితం అడ్డంగా ఎక్కువ సాగి వంకర తిరుగుతుంది. దానికి తోడు మన దగ్గర ఉప్పుగాలి. ఉప్పు తేమని లాగి పట్టుకుంటుంది. బాల్కనీలో ఆరేసిన బట్టలు రాత్రికి మళ్ళీ మెత్తబడటం మీకు తెలిసిందే, కాగితానికీ అదే జరుగుతోంది.

గ్రెయిన్ ఎటుందో చూడటం పాప కూడా చేయగలదు. చార్ట్ పేపర్‌ని మడత పడనివ్వకుండా రెండంచులూ దగ్గరకు తెచ్చి అరచేత్తో మెల్లగా నొక్కండి. తర్వాత అడ్డం తిప్పి అలాగే నొక్కండి. ఎటు సులువుగా వంగితే, ఆ వంపు వెంబడే పీచు ఉన్నట్టు. నక్షత్రానికి పది మడతలు పది దిక్కుల్లో ఉంటాయి కాబట్టి అన్నిటినీ పీచు వెంట పెట్టలేం. కానీ ముందు ముక్క, వెనక ముక్క రెండిట్లోనూ పీచు ఒకే దిక్కున ఉండేలా కోస్తే, వంగినా రెండూ కలిసే వంగుతాయి. అతుకు విడిపోదు.

ఇక చేసే పద్ధతి. 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో ఒక వృత్తం, అదే కేంద్రంతో 3.8 సెంటీమీటర్లతో ఇంకో వృత్తం గీయండి. కోణమానినితో పెద్ద వృత్తం మీద 72 డిగ్రీలకొక చుక్క, మొత్తం అయిదు. చిన్న వృత్తం మీద కూడా అయిదు, కాకపోతే అవి పెద్ద చుక్కలకి సరిగ్గా మధ్యలో, అంటే 36 డిగ్రీలు జరిపి. వరసగా కలిపితే నక్షత్రం. కత్తిరించేలోపే మడతలు గీయాలి. ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను, స్కేలు తీసుకుని ప్రతి చుక్క నుంచి కేంద్రం దాకా గట్టిగా ఒక గీత లాగండి. నా మొదటి నక్షత్రాలు పాడైంది ఈ గీత లేకనే. చేత్తో మడిస్తే మడత గుండ్రంగా వస్తుంది, గుండ్రంగా వచ్చిన మడత తేమకి తెరుచుకుంటుంది. గీసి మడిచింది కత్తి అంచులా ఉండిపోతుంది. కొమ్ము నుంచి వచ్చే మడతలు పైకి లేవాలి, లోపలి మూలల నుంచి వచ్చేవి కిందికి దిగాలి. పదీ పడ్డాక మధ్యలో వేలు పెట్టి వెనక నుంచి నెమ్మదిగా తోయండి. నక్షత్రం ఒక్కసారిగా పొంగుతుంది. పిల్లల ముఖం చూడాల్సింది ఆ క్షణంలోనే!

వెనక ముక్కకి అంచుల్లో అర సెంటీమీటరు చెవులు వదిలి, వాటితో రెంటినీ కలపండి. అతికించే ముందే ఒక కొమ్ములోంచి ముడివేసిన నూలుదారం బయటికి తీసేయాలి. తర్వాత సూదితో గుచ్చితే మడత నలుగుతుంది. బాల్కనీలో కట్టేదానికి జిగురు కన్నా రెండువైపులా అంటుకునే టేపు మేలు, ఎందుకంటే జిగురులో నీళ్ళుంటాయి, అవే కాగితాన్ని మెత్తబరుస్తాయి. మైదా ఉడికించిన జిగురైతే ఇంట్లో వేలాడేవాటికి చాలు. పురుగు పట్టకుండా బైండింగ్ వాళ్ళు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు చేతులు పెట్టేచోట కలపకండి.

కాగితం విషయంలో నా మాట వింటే కొనకండి. గోడ కేలండర్ షీట్లు, పాత శుభలేఖలు దాచుకోండి. నున్నటి పూత ఉన్న కేలండర్ కాగితం చార్ట్ పేపర్ కన్నా ఎక్కువ రోజులు ఆగడం నేను చూశాను. శుభలేఖతో ఏడు సెంటీమీటర్ల బుల్లి నక్షత్రాలు ఎంత బిగువుగా వస్తాయో! కొనాల్సే వస్తే పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళండి.

పాపకి ఇది చేతికొచ్చాక హెర్న్‌హుట్ నక్షత్రం బొమ్మ చూపించండి. 19వ శతాబ్దంలో జర్మనీలో మొరేవియన్ క్రైస్తవుల బడిలో పిల్లలకి రేఖాగణితం నేర్పడానికి చేయించిన కాగితం నక్షత్రమది. 25 కొమ్ములు, పదిహేడింటికి అడుగు చతురస్రం, ఎనిమిదింటికి త్రిభుజం. ఒక చతురస్రం ఖాళీగా వదిలి అక్కడి నుంచి వేలాడదీస్తారు. అందులోనూ కొమ్ముని నిలబెట్టేది మడతే. ఇప్పుడే మొదలుపెట్టించకండి, ఇంకో రెండేళ్ళు ఆగండి.

లోపల దీపం కావాలంటే చిన్న ఎల్ఈడీ మాత్రమే. పాతకాలపు ఫిలమెంటు బల్బు వేడెక్కుతుంది, కాగితానికి దగ్గరగా వద్దు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక మా వీధిలో నిలబడిన చెట్టు కనపడలేదు. ఆ క్రిస్మస్‌కి మా పిల్లలు విరిగిపడిన సరుగుడు కొమ్మ ఒకటి తెచ్చి ఇసుక బకెట్లో పాతి, దానికి ముప్పై శుభలేఖ నక్షత్రాలు కట్టారు. అందులో పదకొండు ఇప్పటికీ ఉన్నాయి. ఏటా జనవరిలో దించి, ఒక మధ్యాహ్నం ఎండ తగిలే గదిలో ఉంచి, మూత బిగుసుకునే స్టీలు డబ్బాలో పేర్చుతాను. మీరు కూడా తడి ఆరకుండా డబ్బాలో పెట్టకండి.