లెక్కల సందేహాలు: కుడి పక్క సున్నా లేకపోతే?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ కారణాంకాలతో సమీకరణాలు సాధించడం గురించే. పుస్తకంలో 'ఎక్స్' అని ఉండేదాన్ని ఇక్కడ 'య' అని రాస్తున్నాం. ఇది మేం కనిపెట్టిందేమీ కాదు. 12వ శతాబ్దంలోనే భాస్కరాచార్యుడు తెలియని రాశిని 'యావత్తావత్' అని, పొట్టిగా 'యా' అని రాశాడు.

ప్రశ్న: (య − 3)(య + 2) = 6 అనే లెక్కకు మా అబ్బాయి య − 3 = 6, య + 2 = 6 అని విడగొట్టి 9, 4 అని జవాబులు రాశాడు. ట్యూషన్ మాస్టారు మొత్తం కొట్టేశారు. అందులో 4 సరైనదే కదా, సగం మార్కయినా వేయకూడదా?
– ఓ తల్లి, కావలి

జవాబు: 4 సరైనదేనండీ, కాకపోతే గుడ్డెద్దు చేలో పడ్డట్టు తగిలింది. య + 2 విలువ 6 అయినచోట య − 3 విలువ సరిగ్గా 1 అయింది కాబట్టి 1 × 6 కుదిరింది. 9 పెట్టి చూడండి: 6 × 11, అంటే 66. రెండు సంఖ్యలను గుణిస్తే 6 రావడానికి 1 × 6, 2 × 3, −1 × −6, అర × 12 ఇలా ఎన్ని దారులైనా ఉన్నాయి. సున్నా రావడానికి మాత్రం రెంటిలో ఏదో ఒకటి సున్నా కాక తప్పదు. ఈ పద్ధతంతా ఆ ఒక్క గుణం మీదే నిలబడింది. అందుకే ముందు బ్రాకెట్లు విప్పాలి: య² − య − 6 = 6. కుడి పక్కనున్న 6ను ఇటు తెస్తే య² − య − 12 = 0. ఇప్పుడు (య − 4)(య + 3) = 0, మూలాలు, అంటే సమీకరణానికి సరిపోయే య విలువలు, 4, −3. ఆ −3 అబ్బాయికి దొరకనే లేదు. మార్కు విషయంలో మేం మాస్టారి పక్షమే.

ప్రశ్న: 3య² = 12య. రెండు వైపులా 3య కొట్టేస్తే 4 వచ్చింది. పుస్తకం వెనక 0 కూడా ఇచ్చారు. అచ్చుతప్పా?
– పదో తరగతి విద్యార్థి, చీమకుర్తి

జవాబు: కాదు. య సున్నా కావచ్చు, సున్నాతో భాగించకూడదు. 3ను కొట్టేయొచ్చు, యను కొట్టేస్తే దాంతోపాటు ఒక మూలమూ పోతుంది. 3య² − 12య = 0 అని రాసి, 3య(య − 4) = 0 చేయండి.

ప్రశ్న: "20 అంకణాల ఇంటి స్థలం. పొడవు వెడల్పు కంటే 4 అడుగులు ఎక్కువ. కొలతలెంత?" సమీకరణం రాయగలుగుతున్నాను. మధ్యపదాన్ని విడగొట్టే సంఖ్యలు వెతకడానికే పావుగంట పోతోంది.
– విద్యార్థిని, నెల్లూరు

జవాబు: నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, కాబట్టి స్థలం 1440 చదరపు అడుగులు. వెడల్పు య అయితే య(య + 4) = 1440, అంటే య² + 4య − 1440 = 0.

1440 కారణాంకాలను 1 × 1440, 2 × 720 అని మొదటి నుంచి రాసుకుంటూ పోతే పావుగంట పట్టక ఏం చేస్తుంది? స్థిరపదం (య లేని పదం) ముందు మైనస్ ఉంది కాబట్టి మనకు కావలసింది లబ్ధం 1440, తేడా 4 ఉన్న జంట. తేడా ఇంత తక్కువంటే రెండూ వర్గమూలానికి అటూ ఇటూ దగ్గర్లోనే ఉండాలి. 38 × 38 = 1444 కదా, అక్కణ్ణుంచి కిందికి దిగండి. 37తో 1440 భాగించబడదు. 36తో భాగిస్తే 40. తేడా 4, అయిపోయింది. తేడా బాగా ఎక్కువున్నప్పుడే 1 వైపు నుంచి మొదలుపెట్టాలి.

మధ్యపదం +4 కనుక పెద్ద సంఖ్యకు ప్లస్: య² + 40య − 36య − 1440 = య(య + 40) − 36(య + 40) = (య + 40)(య − 36). వెడల్పు మైనస్ కాదు కాబట్టి 36 అడుగులు, పొడవు 40. వదిలేసిన −40లో గుర్తు తీసి చూస్తే కనిపించేది ఆ పొడవే. ఇంకో మాట: తిరుపతి వైపు అంకణాన్ని 36 చదరపు అడుగులుగా లెక్కేస్తారు. అలా వేస్తే స్థిరపదం 720 అవుతుంది, లెక్క పూర్ణసంఖ్యల్లో విడిపోదు.

ప్రశ్న: 6య² − య − 12 = 0 లాంటివి విడిపోతాయో లేదో ముందే తెలుసుకునే దారి ఉందా? విడగొట్టాక రెండు బ్రాకెట్లు ఒకేలా రాకపోతే తప్పెక్కడ?
– కందుకూరు నుంచి ఓ పాఠకుడు

జవాబు: ఉంది. మధ్య గుణకం వర్గంలోంచి, మొదటి గుణకం, స్థిరపదాల లబ్ధానికి 4 రెట్లు తీసేయండి. ఇక్కడ 1 + 288 = 289, అది 17 వర్గం. పూర్ణవర్గం వస్తే విడిపోతుంది. య² + 5య + 3కి 13 వస్తుంది. అది పూర్ణవర్గం కాదు, వెతుకులాట మాని వర్గ సమీకరణ సూత్రం వాడుకోండి.

లబ్ధం 6 × −12 = −72 (ఇక్కడా మన అంకణమే!), మొత్తం −1. జంట −9, 8. 6య² + 8య − 9య − 12 అని రాస్తే మొదటి రెండింటి నుంచి 2య(3య + 4). మిగతా రెండింటి నుంచి −3 బయటికి తీసేటప్పుడు −3(3య − 4) అని రాసేస్తుంటారు. మైనస్ బయటికొస్తే లోపలి గుర్తులు రెండూ మారాలి: −3(3య + 4). బ్రాకెట్లు కలవలేదంటే పది సార్లలో తొమ్మిది సార్లు పొరపాటు ఇక్కడే. జవాబు (3య + 4)(2య − 3) = 0, మూలాలు −4/3, 3/2.

ప్రశ్న: య³ − 7య + 6 = 0ను సంశ్లేషణ భాగహారంతో చేశాను. 1 పెడితే శేషం సున్నానే వచ్చింది. అయినా జవాబు తప్పన్నారు.
– ఇంటర్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: సంశ్లేషణ భాగహారంలో గుణకాలను మాత్రమే వరసగా రాసుకుని భాగిస్తాం కదా, మీరు వాటిని 1, −7, 6 అని రాసుకుని ఉంటారు. య² పదం లేదు కాబట్టి దాని చోట 0 వేయాలి: 1, 0, −7, 6. 1తో భాగిస్తే 1, 1, −6, శేషం 0. అంటే (య − 1)(య² + య − 6), దాన్నుంచి (య − 1)(య + 3)(య − 2). మూలాలు 1, 2, −3.

సున్నా మరిచిపోతే మామూలుగా శేషం తేడా కొట్టి మనల్ని హెచ్చరిస్తుంది. ఈ లెక్కలో ఆ హెచ్చరిక కూడా రాదు. 1 − 7 + 6 ఎలాగూ సున్నాయే, మధ్యలో ఇంకో సున్నా ఉన్నా లేకపోయినా. అలా మీకు 1, −6 మిగిలి, య − 6 వచ్చి, 6 మూలమని తేలి ఉంటుంది. అసలు సమీకరణంలో పెట్టండి: 216 − 42 + 6 = 180.