మంచి నెల ఆదాయం చూసి అప్పు లెక్క వేయకండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఒక డెంటల్ క్లినిక్‌లో నాలుగేళ్లుగా అసిస్టెంట్‌గా చేస్తున్నాను. జీతం 16 వేలు, ఇన్సెంటివ్ 3 వేల దాకా, సాయంత్రాలు ఇంకో క్లినిక్‌లో 5 వేలు. మొత్తం 24 వేలు వస్తాయి. ఖర్చులు 14 వేలు, బ్యాంకులో 12 వేలున్నాయి. ఆరు నెలల అడ్వాన్స్‌డ్ కోర్సు (సాయంత్రం క్లాసులు) చేస్తే 35 వేల జీతం గ్యారంటీ అంటున్నారు. ఫీజు లక్షన్నర. తెలిసినవాళ్లు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, ఉద్యోగాలు వేరు గానీ అందరూ చేసే తప్పు ఒక్కటే, అందుకే మీది తీసుకున్నాను. ఆ 24 వేలు అన్నీ కలిసొచ్చిన నెల లెక్క. ఇంప్లాంట్ కేసులు, క్లిప్పుల కేసులు తగ్గితే ఇన్సెంటివ్ ఉండదు, సంక్రాంతికి సిటీ సగం ఖాళీ అయితే పేషెంట్లే ఉండరు, డాక్టరుగారు పదిరోజులు ఊరెళితే రెండో క్లినిక్ వాళ్లు ఆ పదిరోజులకు జీతం కోసేస్తారు. సాయంత్రం క్లాసులంటే ఆ 5 వేలు ఎలాగూ పోయినట్టే. మిగిలేది 16 వేలు, ఖర్చులు పోను చేతిలో 2 వేలు. లక్షన్నరకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,500. ఏడాదికి 54 వేలు కట్టాక కూడా అసలు లక్షన్నర అలాగే కూర్చుంటుంది. ఈ లెక్క అప్పిచ్చేవాళ్లకు బాగా తెలుసు, అందుకే అంత ప్రేమగా ఇస్తామంటున్నారు.

ఆ 35 వేల గ్యారంటీ ఎవరిస్తారో కాగితం మీద రాసిమ్మనండి, చూద్దాం. పళ్లు శుభ్రం చేసే హైజీనిస్టులకు, కట్టుడు పళ్లు తయారుచేసే డెంటల్ మెకానిక్కులకు 1948 నాటి డెంటిస్ట్స్ చట్టంలోనే రిజిస్ట్రేషన్ పెట్టారు, అసిస్టెంట్లకు పెట్టలేదు. అందువల్ల మీ జీతం సర్టిఫికెట్‌ని బట్టి కాక డాక్టరుగారికి మీరెంత అవసరమో దాన్ని బట్టే పెరుగుతుంది. పళ్ల అచ్చు తీసే ఆల్జినేట్ పొడిని ఉండలు కట్టకుండా కలిపి అచ్చు ఒక్కసారికే వచ్చేలా చూడటం, ఇంప్లాంట్ సర్జరీలో అడగకముందే సరైన డ్రిల్ అందించడం, పరికరాల్లో క్రిములు చంపే ఆటోక్లేవ్ రికార్డు, స్టాక్, అపాయింట్‌మెంట్లు చూసుకోవడం, వీటికే డబ్బిస్తారు. ఒక్క కుర్చీ క్లినిక్‌లో ఎంత చేసినా జీతం ఒకచోట ఆగిపోతుంది, నాలుగైదు కుర్చీలు, స్పెషలిస్టులు ఉన్నచోట నాలుగేళ్ల అనుభవం చూపించి బేరమాడవచ్చు. కోర్సు మీద డబ్బు పెట్టాలనే ఉంటే రెండేళ్ల హైజీనిస్ట్ డిప్లొమా ఆలోచించండి, అదీ చేతిలో డబ్బు ఉన్నాకే.

ఇక నేను ఎప్పుడూ మొత్తుకునే మాట. మీకు ఎమర్జెన్సీ ఫండ్ లేదు. 12 వేలంటే నెల ఖర్చు కూడా కాదు. నెలనెలా ఒకేలా జీతం వచ్చేవాళ్లకు మూడు నెలల ఖర్చు సరిపోతుందేమో, మీలా ఎగుడుదిగుడు ఆదాయానికి ఆరు నెలలది కావాలి, అంటే 84 వేలు. సాయంత్రం క్లినిక్ 5 వేలు, జీతంలో మిగిలే 2 వేలు, జీతం పడ్డ రోజే వేరే ఖాతాలోకి పంపేయండి, ఆ ఖాతాకి ఫోన్‌పే, గూగుల్‌పే లింక్ చేయకండి. ఇన్సెంటివ్ వచ్చిన నెల అదీ అందులోకే. పది నెలల్లో పూర్తవుతుంది. అది పూర్తయ్యేదాకా చిట్టీ, బంగారం స్కీము, మ్యూచువల్ ఫండ్ ఏదీ నా దగ్గర ఎత్తకండి.

మీకు ఇంకో రిస్కు ఉంది, ఉత్తరంలో దాని ఊసే లేదు. ట్రే సర్దుతుంటే వాడిన సూది వేలికి గుచ్చుకోవడం మీ పనిలో మామూలే. రక్తం ద్వారా సోకే కాలేయ జబ్బు హెపటైటిస్-బికి టీకా మూడు డోసులూ వేయించుకున్నారా? లేకపోతే ఈ వారమే మొదలుపెట్టండి. క్లినిక్‌లో పదిమందో ఇంకా ఎక్కువో పనిచేస్తుంటే, జీతం 21 వేలు దాటలేదు కాబట్టి మీకు ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) రావాలి. మీ వాటా 0.75 శాతం, 16 వేలకు 120 రూపాయలు. జబ్బుచేసి పనికి వెళ్లలేకపోతే అర్హతను బట్టి ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. పే స్లిప్ అడిగి కోత ఉందో లేదో చూడండి. అంతమంది లేరంటే చిన్నదైనా హెల్త్ పాలసీ ఒకటి తీసుకోండి.

ఆ ఇన్‌స్టిట్యూట్‌కి ఇప్పటికే అడ్వాన్స్ కట్టి ఉంటే రసీదు పట్టుకెళ్లి వెనక్కి అడగండి. ఇవ్వకపోతే ఆ కాస్తా వదిలేసుకోండి గానీ, కట్టింది పోతుందని మిగతా ఫీజు కోసం అప్పు చేయకండి.