ఓనరు జేబులో మన ఇంటి తాళం
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: కూకట్‌పల్లిలో రెండో అంతస్తులో కిరాయికి ఉంటున్నాం. ఓనరు అంకుల్ కిందే ఉంటారు. మేమిద్దరం ఆఫీసుకు వెళ్లాక తన దగ్గరున్న డూప్లికేట్ తాళంచెవితో తలుపు తీసి లోపలికి వస్తున్నారు. మొన్న అడిగితే “గ్యాస్ వాసన వచ్చిందమ్మా, నా ఇల్లు నేను చూసుకోకూడదా?” అన్నారు. అగ్రిమెంటు ఇంకా ఐదు నెలలుంది. తాళం మార్చేయొచ్చా?

జవాబు: ఇల్లు ఆయనదే, కాదనలేం. కానీ అద్దె తీసుకుని మీకు అప్పగించిన రోజు నుంచి గడువు తీరేదాకా స్వాధీనం మీది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ చూడండి. అద్దె కడుతూ షరతులకు కట్టుబడి ఉన్నంత కాలం మిమ్మల్ని ఏ ఆటంకమూ లేకుండా ఉండనివ్వాలని అందులో ఉంది. అదే సెక్షన్‌లో ఇంకో మాటా ఉంది: తగిన వేళల్లో ఓనరుగానీ ఆయన మనిషిగానీ వచ్చి ఇంటి పరిస్థితి చూసుకుంటానంటే మీరు రానివ్వాలి. చాలామంది మొదటి ముక్క పట్టుకుని రెండోది వదిలేస్తారు. “మా ఇంట్లోకి అడుగు పెట్టొద్దు” అని మెసేజ్ పెట్టి, తర్వాత అదే మెసేజ్ తమకే అడ్డం తిరిగిందని బాధపడతారు.

కాబట్టి రావద్దనకండి, చెప్పి రమ్మనండి. ఈ రోజే వాట్సాప్‌లో ఇలా పంపండి: “అంకుల్, ఫలానా తేదీన మేము లేనప్పుడు మీరు ఇంట్లోకి వచ్చారు. ఇకపై రిపేరుకో, ఇల్లు చూడడానికో రావాలంటే ఒక రోజు ముందు చెప్పండి. ఉదయం 10 నుంచి సాయంత్రం 6 లోపు మాలో ఒకరం ఇంట్లో ఉండేలా చూసుకుంటాం. గ్యాస్, నీళ్ల లీకేజీ, మంటల్లాంటి అత్యవసరమైతే వెంటనే ఫోన్ చేయండి.” ఇంతే. తిట్లూ వద్దు, సెక్షన్లూ వద్దు. ఆయన “సరేనమ్మా” అన్నా చాలు, అది మీకు కాగితమే.

ఒక రోజు ముందు అనే లెక్క గాలిలోంచి వచ్చింది కాదు. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలని, అందులో రోజు, వేళ, కారణం రాయాలని, పొద్దు పొడవక ముందు, పొద్దుగుంకాక రాకూడదని ఉంది. నిప్పు, వరద లాంటి ఆపదలకు మినహాయింపు. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టం తాను చేసుకుంటే తప్ప అమలు కాదు. కూకట్‌పల్లిలో దాన్ని చట్టమని చూపించి బెదిరించకండి, మర్యాదకు కొలతగా చూపించండి. ఆంధ్రప్రదేశ్ పాఠకులకు 2017 నాటి ప్రత్యేక అద్దె చట్టం ఉంది కనుక అక్కడివాళ్లు వకీలును ముందు దాని గురించే అడగాలి.

ఇక తాళం. అగ్రిమెంటులో “తాళాలు మార్చరాదు” అన్న వాక్యం ఉందేమో చూడండి. లేకపోతే తలుపు చెక్క ముట్టుకోకుండా పని అయిపోతుంది. హ్యాండిల్ ఉన్న తాళమైతే మొత్తం పీకక్కర్లేదు, మధ్యలో చెవి దూరే ముక్క, అంటే సిలిండర్, ఒక్కటి మారిస్తే చాలు. తలుపు తెరిచి అంచున ఉన్న ఇనుప పట్టీ చూడండి. చెవి పెట్టే రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఒక పొడుగు స్క్రూ ఉంటుంది. అది తీసి, తాళంచెవి పెట్టి కొద్దిగా, గడియారంలో రెండు మూడు నిమిషాలంత, తిప్పితే సిలిండర్ జారి చేతికొస్తుంది. రాకపోతే లాగకండి, చెవిని అటూ ఇటూ కొంచెం కదపండి, లోపలి నాలుక సిలిండర్‌తో సమానంగా రావాలి. స్క్రూ రంధ్రం నుంచి రెండు కొసలకూ విడివిడిగా కొలిచి కొత్తది తెచ్చుకోండి. 30కి 30 అయితే అది 60 మిల్లీమీటర్లది. బయటివైపు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పొడుచుకు వస్తే దొంగ పట్టకారుతో విరిచేస్తాడు. పాత సిలిండర్ పారేయకండి, ఖాళీ చేసే రోజు మళ్లీ బిగించి ఇవ్వాలి.

ఆపదొస్తే ఎలా అని ఆయన అడగడం న్యాయమే. కొత్త చెవి ఒకటి కవరులో పెట్టి అంటించి, అతికించిన చోట అడ్డంగా సంతకం చేసి, ఇద్దరికీ నమ్మకమున్న పక్కింటి వాళ్ల దగ్గర ఉంచండి. కవరు చిరిగితే తెలిసిపోతుంది.

మెసేజ్ వెళ్లాక కూడా వస్తుంటే అప్పుడు పోలీసు మాట. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద గృహ అతిక్రమణకు ఏడాది దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. సొంతదారు అయినా సరే, వేరొకరి స్వాధీనంలో ఉన్న ఇంట్లోకి వెళ్తే ఇది వర్తించవచ్చు. కానీ భయపెట్టాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో, నేరం చేయాలనో ఉద్దేశం ఉందని చూపించాలి. “గ్యాస్ వాసన” అన్న సాకు నిలబడేది అక్కడే. వద్దని రాతలో చెప్పాక వచ్చిన మనిషికి ఆ సాకు పలచబడుతుంది. తలుపు వైపు చూసేలా మీ ఇంట్లో మీ కెమెరా పెట్టుకోవడంలో తప్పు లేదు.

ప్రశ్న: ఓనరు మా వరండాలో పెట్టిన సీసీ కెమెరా సరిగ్గా మా తలుపు వైపే ఉంది. తలుపు తీస్తే హాలంతా కనిపిస్తుందేమోనని భయం. అమ్మాయిలం ముగ్గురం ఉంటాం. తీసేయమని అడగొచ్చా?

జవాబు: గేటుకూ మెట్లకూ కెమెరా పెట్టుకునే హక్కు ఆయనకుంది, మీ హాలును చూసే హక్కు లేదు. ముందు పరీక్ష చేయండి. తలుపు పూర్తిగా తెరిచి, హాల్లో మీరు మామూలుగా కూర్చునే చోట కూర్చోండి. అక్కడి నుంచి లెన్సు కనిపిస్తే లెన్సుకూ మీరు కనిపిస్తారు. అక్కడి నుంచే ఫొటో తీయండి. తర్వాత ఓనరును ఆయన ఫోన్‌లో లైవ్ చూపించమనండి. ఎక్కువ గొడవలు ఇక్కడే తీరిపోతాయి. కెమెరాను మెట్ల వైపు తిప్పొచ్చు, లేదా యాప్ సెట్టింగుల్లో మీ తలుపు ఉన్నంత మేర నల్లగా మూసేయొచ్చు. ఈ సదుపాయం చాలా కెమెరాల్లో ఉంటుంది. మైకు ఆపేయమని కూడా అడగండి, దాని సంగతి ఎవరికీ గుర్తురాదు.

మీరే ఎక్కి వైరు తెంపకండి, ఆస్తి నష్టమని ఎదురు ఫిర్యాదు వస్తుంది.

పడకగదిలోనో బాత్రూంలోనో ఏదైనా దొరికితే సంగతి వేరు. దాన్ని పీకకండి, ముట్టుకోకండి. వేలిముద్రలు, లోపలి మెమరీ కార్డు రెండూ సాక్ష్యమే. ఉన్నచోటే ఫొటోలు తీసి, గది మూసి, 112కు ఫోన్ చేయండి, లేదా షీ టీమ్స్‌కు చెప్పండి. ఇది భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా శిక్ష. “మాట్లాడుకుందాం” అని ఓనరు గంట వ్యవధి అడిగినా ఇవ్వకండి.

ప్రశ్న: ఊరి నుంచి అమ్మానాన్న వచ్చి నాలుగు రోజులున్నారని ఓనరమ్మ మోటారు ఆపేసింది. చుట్టాలొస్తే ముందు అడగాలంటుంది. నిజాంపేటలో నెలకు 14,000 కిరాయి. అద్దె ఆపేద్దామనుకుంటున్నాను.

జవాబు: అద్దె మాత్రం ఆపకండి. ఈ తగాదాలో ఇప్పటిదాకా తప్పంతా ఆవిడ వైపు ఉంది, అద్దె ఆపిన మరుక్షణం అది మీ వైపుకూ వస్తుంది. ప్రతి నెలా బ్యాంకు నుంచే పంపి, నోట్‌లో “ఫలానా నెల అద్దె” అని రాయండి.

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఓనరు నీళ్లూ కరెంటూ లాంటివి ఆపకూడదు. వినడానికి బాగుంటుంది గానీ కార్పొరేషన్ల పరిధిలో 3,500 రూపాయలు దాటిన అద్దెలను ఆ చట్టం నుంచి తప్పించారు. కాబట్టి 14,000 కట్టే మీకు ఆ చట్టం కింద తగాదాలు తీర్చే రెంట్ కంట్రోలర్ తలుపు మూసినట్టే. మిగిలింది సివిల్ కోర్టు ఇంజంక్షన్, అంటే నీళ్లు ఆపొద్దని కోర్టు ఇచ్చే ఆదేశం. అంతదాకా పోకముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. ఇద్దరినీ పిలిచి మాట్లాడతారు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోన్ 15100. వెళ్లేటప్పుడు మోటారు ఎప్పుడు ఆగింది, ఎప్పుడు వచ్చింది, ట్యాంకర్‌కు ఎంతయింది అన్నది తేదీలవారీగా రాసుకెళ్లండి.

ఆవిడ కోపంతో మీ సామాన్లు బయట పెట్టి తాళం వేస్తే మీరు ఆరు నెలల లోపు దావా వేయాలి. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద, ఇల్లు ఎవరిదన్న చర్చ లేకుండానే స్వాధీనం తిరిగి ఇప్పిస్తారు. ఆ గడువు దాటితే ఈ దారి మూసుకుపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలో చదువుతోంది. తెలుగు వాళ్లింట్లోనే ఒక గది అద్దెకు తీసుకుంది. ఆంటీ అడగకుండా గదిలోకి వస్తున్నారట. అక్కడ రూల్సు గట్టిగా ఉంటాయంటారు కదా?

జవాబు: విడి ఫ్లాటయితే గట్టివే. అక్కడి సివిల్ కోడ్ 1954వ సెక్షన్ ప్రకారం తేదీ, ఉజ్జాయింపు వేళ, కారణం రాసి నోటీసు ఇవ్వాలి. 24 గంటలు చాలునని లెక్క, పోస్టులో పంపితే ఆరు రోజులు. పనివేళల్లోనే రావాలి. కానీ ఓనరు కాపురముంటున్న ఇంట్లోనే, మీ అమ్మాయి తప్ప వేరే అద్దెవాళ్లు లేకుండా ఒక్క గదిలో ఉంటే “లాడ్జర్” కింద లెక్క కట్టే అవకాశం ఉంది. అప్పుడు ఈ రక్షణ అడగడం కష్టం. మీ అమ్మాయి ముందు తేల్చుకోవాల్సింది అదే. చదివే యూనివర్సిటీలో విద్యార్థులకు న్యాయ సలహా విభాగం ఉంటే అగ్రిమెంటు తీసుకెళ్లి చూపించమనండి. ఈలోపు ఆంటీతో “తలుపు తట్టి, నేను సరేనన్నాకే రండి” అని ఒక మెసేజ్‌లో ఒప్పించుకోవడం, గది తలుపుకు లోపలి గడియ పెట్టించమని అడగడం ఈ వారమే చేయొచ్చు.