యేసు 'రహస్య వంశం' నిజమేనా? ఆ ఊరికి వెళ్ళొచ్చిన వాడి జవాబు

ప్రశ్న ఏంటంటే, యేసుకి తన శిష్యురాలు మగ్దలేనే మరియతో పెళ్ళయిందని, పిల్లలు పుట్టారని, ఆ పిల్లల వంశమే తర్వాత ఫ్రాన్స్‌లో రాజులయ్యారని, ప్రయరీ ఆఫ్ సియోన్ అనే రహస్య సంఘం తొమ్మిది వందల ఏళ్ళుగా ఆ రక్తాన్ని కాపాడుకుంటూ వస్తోందని అంటారు కదా, చర్చి దాచేసిన నిజమా ఇది, లేక కట్టుకథా అని.

కట్టుకథేనండి. తొమ్మిది వందల ఏళ్ళది కూడా కాదు, ఆ సంఘం పుట్టింది 1956లో. కానీ ఇలా ఒక్క ముక్కలో చెప్తే ఎవరూ నమ్మరు, ఎందుకంటే నేను కూడా నమ్మలేదు, కొన్నేళ్ళపాటు అవతలి పక్షంలోనే ఉన్నా. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. మా నాన్న బాప్టిస్టు పాస్టరు, ఇప్పుడు రిటైరయ్యారు. 2006లో నేను హైదరాబాద్‌లో బీటెక్, అప్పుడే ఈ కథ మీద అల్లిన నవలని తీసిన డావిన్చీ కోడ్ సినిమా వచ్చింది, మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది, అదే నెలలో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆ మధ్యలో హాస్టల్‌లో ఏం జరిగి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, నిషేధం అన్నాక అప్పటిదాకా ఆ సినిమా పేరే వినని వాడు కూడా సీడీ కోసం కోఠీ దాకా వెళ్ళాడు. నేను ముందు ఆ నవల చదివా, తర్వాత ఆ నవలకి మూలం అంటూ 1982లో లండన్‌లో ముగ్గురు కలిసి రాసిన లావుపాటి పుస్తకం కూడా జిరాక్స్ కాపీ సంపాదించి చదివా. పాస్టరు కొడుకుని కదా, ఇంట్లో చెప్పనిదేదో నాకు దొరికింది అనే గర్వం ఒకటి. సెలవులకి ఇంటికెళ్ళి నాన్నతో వాదన వేసుకున్నా కూడా. ఆయన పెద్దగా కోప్పడలేదు, "పుస్తకంలో ఉన్న ఊరు నిజంగా ఉందా? ఉంటే వెళ్ళి చూసి రా, వచ్చాక మాట్లాడదాం" అని ఊరుకున్నారు. ఫ్రాన్స్ వెళ్ళి చూసి రమ్మనడం అంటే ఆ రోజుల్లో మా ఇంట్లో చంద్రుడి మీదకి వెళ్ళి రా అన్నట్టే లెండి.

కానీ ఎనిమిదేళ్ళ తర్వాత ఉద్యోగం మీద తులూజ్ వెళ్ళాల్సొచ్చింది. విమానాల పని ఉంటుంది కాబట్టి మనవాళ్ళు అక్కడ బానే ఉంటారు. ఒక శనివారం రూమ్మేట్ కార్లో దాదాపు రెండు గంటలు పోయి ఆ ఊరు చేరాం. రెన్ లె షాతో, ఓడ్ జిల్లా, కొండ మీద వంద మంది కూడా ఉండని ఊరు. కింద కూయిజా అనే చిన్న టౌన్ నుంచి మలుపులు మలుపులుగా పైకెక్కాలి. ఎక్కగానే "తవ్వకాలు నిషేధం" అని బోర్డు. నవ్వొచ్చింది గానీ అది జోక్ కాదు, నిధి కోసం జనం ఎక్కడపడితే అక్కడ గోతులు తీస్తుంటే ఆ ఊరి మున్సిపాలిటీ 1965లోనే తవ్వకాలు బంద్ చేసింది.

అసలు కథ బెరాంజె సోనియేర్ అనే కాథలిక్ ఫాదర్‌తో మొదలవుతుంది. 1885లో ఆ ఊరికి వచ్చాడు, శిథిలమైన చర్చి, చేతిలో చిల్లిగవ్వ లేదు. కొన్నేళ్ళకి చూస్తే చర్చి మొత్తం రంగులేసి బాగు చేయించాడు, పక్కన విల్లా కట్టాడు, లోయ అంచున మగ్దలా టవర్ అని ఒక బురుజు కట్టి దాన్ని లైబ్రరీ చేసుకున్నాడు. ఇంత డబ్బు ఎక్కడిది? చర్చిలో ఒక రాతి స్తంభంలో రహస్య తోలు పత్రాలు దొరికాయి, వాటిలో యేసు వంశం గుట్టుంది, ఆ గుట్టు బయటపెట్టకుండా ఉండటానికి ఆయనకి డబ్బు ముట్టింది అని పుస్తకాల్లో రాసేశారు.

అసలు విషయం ఇంకా సింపుల్, ఒక రకంగా చూస్తే ఇంకా మజాగా ఉంటుంది. మన ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్ళకి తెలుస్తుంది, చనిపోయిన వాళ్ళ ఆత్మ కోసమో ఇంకేదైనా కోరికతోనో ఫాదర్‌కి కానుక ఇచ్చి పూజ చెప్పిస్తారు. మిగతావాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే గోత్రనామాలు రాసి పోస్టులో డబ్బు పంపి అర్చన చేయించడం లాంటిది. ఒక ఫాదర్ రోజుకి చెప్పగలిగే పూజలకి లెక్కుంటుంది కదా. ఈయన కాథలిక్ పత్రికల్లో ప్రకటనలు ఇచ్చి దేశం నలుమూలల నుంచి వేల పూజలకి డబ్బు తెప్పించుకున్నాడు. రోజంతా పూజలే చెప్పినా తీరనన్ని. ఎవరెవరు ఎంత పంపారో ఆయన చేత్తో రాసుకున్న నోటు పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. 1910, 1911లో కార్కసోన్ బిషప్ దగ్గర విచారణ కూడా జరిగింది, లెక్కలు చూపించమంటే చూపించలేకపోయాడు. 1917లో పోయేనాటికి చేతిలో డబ్బు లేదు, ఆస్తి మాత్రం ఇల్లు చూసుకునే మరీ దెనార్నో అనే ఆవిడ పేరు మీద ఉంది.

ఇప్పుడు నా పరువు పోయిన సంగతి చెప్తా. ఆ చర్చి గుమ్మం పైన లాటిన్‌లో ఒక మాట చెక్కి ఉంటుంది, "తెరిబిలిస్ ఎస్త్ లోకుస్ ఇస్తే", అంటే ఈ చోటు భయంకరం అని. లోపలికి అడుగు పెట్టగానే పక్కన కళ్ళు వెళ్ళబెట్టిన దయ్యం బొమ్మ, దాని తల మీద పవిత్ర జలం తొట్టి. పుస్తకాల్లో దీని మీద పేజీలకి పేజీలు, చర్చి గుమ్మానికి "భయంకరం" అని ఎవడైనా రాసుకుంటాడా, ఇది కచ్చితంగా కోడ్ అని. నేనూ ఒళ్ళు గగుర్పొడిచి ఫొటో తీసి, తెలుగులో అర్థం రాసి నాన్నకి వాట్సాప్ చేశా, దీనికేం సమాధానం చెప్తారు అన్నట్టు. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "ఒరేయ్, ఇది ఆదికాండం ఇరవై ఎనిమిది రా. యాకోబు బేతేలులో రాయి తలకింద పెట్టుకుని పడుకుని, కలలో నిచ్చెన చూసి లేచి అన్న మాట. ఈ స్థలము ఎంతో భయంకరము, ఇది దేవుని మందిరము, పరలోకపు గవిని అని. కొత్త చర్చి ప్రతిష్ఠకి పిలిచినప్పుడల్లా నేను చదివేది ఇదే కదా, ముందు వరసలో కూర్చుని నువ్వు ఎన్నిసార్లు విన్లేదు?" అన్నారు. నిజమే, విన్నా. మా పక్క ఊళ్ళో రేకుల షెడ్డు చర్చి ప్రారంభానికి కూడా విన్నా. అదే మాట లాటిన్‌లో, ఫ్రాన్స్‌లో, కొండ మీద కనిపించేసరికి రహస్యమైపోయింది. కాథలిక్కులు కూడా చర్చి ప్రతిష్ఠ పూజలో ఆ వాక్యమే వాడతారని తర్వాత తెలిసింది. లోపల సిలువ మార్గం బొమ్మల్లో కూడా కోడ్ వెతికారు పాపం, అవి తులూజ్‌లో జిస్కార్ అనే బొమ్మల తయారీవాళ్ళ దగ్గర తెప్పించిన రెడీమేడ్ సరుకు.

సరే, మరి యేసు వంశం ఎక్కణ్ణుంచి వచ్చింది? మరీ దెనార్నో నుంచి ఆ ఆస్తిని నోయెల్ కోర్బు అనే ఆయన తీసుకుని 1955లో హోటల్, రెస్టారెంట్ పెట్టాడు. రోడ్డు సరిగ్గా లేని కొండ మీద భోజనానికి ఎవరొస్తారు? ఫాదర్‌కి నిధి దొరికింది అనే కథ మొదలెట్టాడు, టేపులో రికార్డు చేసి తినడానికి వచ్చినవాళ్ళకి వినిపించేవాడు, 1956 జనవరిలో లోకల్ పేపర్లో వచ్చింది, ఇంకేముంది. అదే ఏడాది అక్కడికి చాలా దూరంలో, స్విట్జర్లాండ్ బోర్డర్ దగ్గర, పియెర్ ప్లాంటార్ అనే డ్రాఫ్ట్స్‌మన్ ఇంకొందరితో కలిసి ప్రయరీ ఆఫ్ సియోన్ అని ఒక సంఘం రిజిస్టర్ చేయించాడు. సియోన్ అంటే యెరూషలేము సీయోను అనుకుంటున్నారా, దగ్గర్లో ఉన్న కొండ పేరండి అది. వాళ్ళ పత్రికలో ఉండేది ఏంటో తెలుసా, తక్కువ అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళ హక్కుల గొడవ. మన కాలనీ సంక్షేమ సంఘం టైపు. ఈ సంఘానికే తర్వాత లియొనార్డో, న్యూటన్, విక్టర్ హ్యూగో పెద్దలుగా పనిచేశారని లిస్టు తయారైంది!

ఆ లిస్టు 1967లో పారిస్ నేషనల్ లైబ్రరీలో చేరింది, "రహస్య పత్రాలు" అని పేరు పెట్టి. అక్కడే అందరూ పడ్డారు, నేషనల్ లైబ్రరీలో ఉందంటే నిజమే కదా అని. టైపు కొట్టిన కాగితాలు ఎవరైనా పట్టుకెళ్ళి లైబ్రరీకి ఇవ్వొచ్చు, లైబ్రరీ దాచుతుంది అంతే, నిజమో కాదో అది తేల్చదు. తోలు పత్రాలు అని చూపించిన వాటిని తయారు చేసింది తనే అని ప్లాంటార్ స్నేహితుడు ఫిలిప్ ద షెరిసే స్వయంగా చెప్పుకున్నాడు. ఇంకో తమాషా, ప్లాంటార్ ఆశ అంతా తను 679లో హత్యకి గురైన రెండో దాగోబెర్ అనే పాత ఫ్రాంకుల రాజు వారసుణ్ణి అనిపించుకోవడం వరకే, ఆ పాత రాజవంశాన్ని తెచ్చి యేసుకి ముడిపెట్టింది 1982 పుస్తకం వాళ్ళు, అది ఆయనకే నచ్చలేదు. "హోలీ గ్రెయిల్" అనే పాత ఫ్రెంచి మాటని వేరేచోట విరగ్గొడితే "రాజరక్తం" అని వస్తుంది, ఆ ముక్క మీద సగం పుస్తకం నిలబడింది. సంధి తప్పుగా విడదీసి వంశవృక్షం రాయడం అన్నమాట. చివరికి 1993లో వేరే కేసులో జడ్జి ముందు ప్రమాణం చేసి అడిగితే అంతా నేనే కల్పించా అని ప్లాంటార్ ఒప్పుకున్నాడు. నా జిరాక్స్ పుస్తకంలో ఇది లేదు మరి, అది 1982ది కదా. నవల మాత్రం 2003లో, పదేళ్ళ తర్వాత వచ్చింది, మొదటి పేజీలోనే ప్రయరీ నిజమైన సంస్థ అని వేసుకుంది.

"మరి ఫిలిప్పు సువార్తలో ముద్దు పెట్టుకున్నాడని ఉంది కదా" అని కామెంట్లో ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్తా. 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర దొరికిన కాప్టిక్ (పాత ఈజిప్టు భాష) పుస్తకాల్లో అది ఒకటి, బైబిల్లో లేనిది. మరియని "తోడు" అని అంటుంది, తరచూ ముద్దు పెట్టుకునేవాడు అని కూడా ఉంది, ఎక్కడ అనే మాట దగ్గర సరిగ్గా కాగితానికి చిల్లు. చిల్లుని ఎవరికి కావాల్సినట్టు వాళ్ళు పూడ్చుకున్నారు. అసలు ఆ పుస్తకంలో ముద్దు అంటే జ్ఞానం ఒకరి నుంచి ఒకరికి అందే గుర్తు, మన తెలుగు బైబిల్లో పౌలు కూడా పవిత్రమైన ముద్దుతో వందనాలు చెప్పుకోమంటాడు, దానర్థం రోమా సంఘంలో అందరికీ పెళ్ళిళ్ళయ్యాయని కాదు కదా. పైగా అది యేసు తర్వాత నూటయాభై ఏళ్ళకి పైనే రాసింది. పిల్లల ఊసు అందులో కూడా లేదు. 2012లో "నా భార్య" అని యేసు అన్నట్టున్న పపైరస్ ముక్క ఒకటి హార్వర్డ్ ప్రొఫెసర్ బయటపెట్టారు, నాలుగేళ్ళకి అది ఫోర్జరీ అయ్యుండొచ్చని ఆవిడే ఒప్పుకున్నారు.

కానీ చర్చి మరియకి అన్యాయం చేయలేదా అంటే, చేసింది. 591లో పోప్ గ్రెగరీ ప్రసంగంలో ఆవిణ్ణీ, లూకా సువార్తలో పేరు లేకుండా వచ్చే పాపాత్మురాలినీ ఒకరే అనేశాడు, ఆ ముద్ర పధ్నాలుగు వందల ఏళ్ళు పోలేదు. మా సండే స్కూల్లో కూడా అలాగే చెప్పారు, బాప్టిస్టులం అయ్యుండీ. బైబిల్లో ఎక్కడా లేదు, కావాలంటే చూసుకోండి. చర్చిని తిట్టాలనుకునేవాళ్ళు ఈ పాయింట్ పట్టుకోండి, ఆధారం గట్టిగా ఉంది.

ఇక నన్ను నిజంగా ఆపేసిన విషయం. యేసు రక్తసంబంధీకులు రహస్యం కానే కాదు. మార్కు ఆరో అధ్యాయంలోనే తమ్ముళ్ళ పేర్లున్నాయి, యాకోబు, యోసే, యూదా, సీమోను. కాథలిక్కులు వాళ్ళని దాయాదుల కింద లెక్కేస్తారు, అది వేరే గొడవ. ఆ యాకోబే యెరూషలేము సంఘానికి పెద్దయ్యాడు, ఆయన్ని రాళ్ళతో కొట్టి చంపిన సంగతి క్రైస్తవుడు కాని యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా రాశాడు. యూదా మనవళ్ళు ఇద్దరి సంగతి రెండో శతాబ్దంలో హెగెసిప్పస్ అనే క్రైస్తవ రచయిత రాస్తే, నాలుగో శతాబ్దంలో బిషప్ యూసేబియస్ తన చర్చి చరిత్రలో ఎత్తి రాశాడు. దావీదు వంశం వాళ్ళు మిగిలుంటే తిరగబడతారేమో అని రోమ్ చక్రవర్తి దొమితియన్ ఈ ఇద్దరినీ పట్టి తెప్పించాడట. మీకు ఆస్తి ఎంతుంది అని అడిగితే, ఇద్దరికీ కలిపి తొమ్మిది వేల దెనారాలు (రోమన్ వెండి నాణేలు), అదీ డబ్బు కాదు, 39 ప్లెత్రాల (పాత గ్రీకు కొలత) పొలం విలువ అన్నారట. నమ్మడేమో అని చేతులు చాపి చూపించారట, పని చేసి చేసి కాయలు కాచిన చేతులు. ఆయన చూసి, వీళ్ళ మొహం, రైతులు, అని వదిలేశాడు. చర్చి దాచింది అంటున్న వంశం ఇదిగో, చర్చి వాళ్ళే రాసి పెట్టారు. జరిగిందా లేదా అని పండితులు వాదించుకోనీండి, దాచలేదు అనేదైతే ఖాయం. ఇది సినిమా ఎందుకు కాలేదో మీకు నేను చెప్పాలా?

వంశం మోజు అందరికీ ఉంటుంది లెండి, మాక్కూడా ఉంది. 1878 జులైలో ఒంగోలు మిషన్ నడిపిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర హయాంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, మా తాతల తాత అందులో ఉన్నాడని మా ఇంట్లో చెప్తారు. మా వైపు ఏ క్రైస్తవ కుటుంబాన్ని అడిగినా అదే చెప్తారు. అందరినీ లెక్కేస్తే ఏరు పట్టదు.

ఆ సాయంత్రం తులూజ్ తిరిగొచ్చాక నాన్నకి మళ్ళీ ఫోన్ చేసి యూదా మనవళ్ళ సంగతి చదివి వినిపించా. పాస్టరు గారు కదా, దావీదు గురించో మెస్సీయ గురించో ఏదో అంటారనుకున్నా. మాకు రెండెకరాల పొగాకు పొలం మీద బాబాయిలతో పంపకాల గొడవ నడుస్తోంది అప్పుడు.

"పొలం ఇద్దరి పేరు మీదా ఉందా?" అన్నారు.

"చెరి సగం అంట నాన్నా."

"శిస్తు కడుతున్నారా?"

"కడుతున్నారంట, అదీ రాశాడు."

"మంచి పిల్లలు" అన్నారు.